తెనాలి సీమ కతోలికులు – మృతులయెడ వారి ధర్మము

నవంబరు రెండవ తేదీ సాయంకాలమున తెనాలినుండి రేపల్లెకు పోవు రైలులో కూర్చుండి కిటికీలోనుండి చూచువారికి, వేమూరు దాటిన తరువాత వరిచేల కావల అచ్చటచ్చట చిన్న దీపములు గుంపులుగా వెలుగుచు కానవచ్చును. దీపావళికి దగ్గరి దినములే గనుక క్రొత్తవారు ఆ పండుగనే తలపోయుదురు. అవి కతోలికుల సమాధులమీది కొవ్వొత్తులు. ఆ దినమును వారు ఆత్మల పండుగ యందురు. ఉదయముననే ఆడువారు గడ్డి పెరికి, సమాధులకు సున్నము కొట్టి, బంతిపూలు చల్లుదురు. చీకటి పడువేళకు గురువు వచ్చి తీర్థజలము చిలుకరించును. పిల్లలు కరగిన మైనమును ఉండలుగా చుట్టుకొని ఆడుకొందురు, దానికెవ్వరును కోపింపరు.

మన యిండ్లలోని చదువరులు క్రైస్తవులనగా నందరు నొక్కటేయని తలంచుట పరిపాటి. ఈ డెల్టాలో గుంటూరునకు 1842లో హెయ్యరు దొర వచ్చినది మొదలు లూథరను సంఘము పెరిగినది. బాపట్లలో బాప్టిస్టులును, ముక్తిఫౌజువారును స్థిరపడిరి. వీరికంటె కతోలికులు తక్కువవారే గాని పాతవారు. పల్లెజనులు వారిని "ఆర్.సి.యం. వారు" అని పిలుతురు. తక్కిన సంఘములవారు చాలచోట్ల ఈస్టరునాటి తెల్లవారుజామున సమాధులకడకు పోవుదురు. కతోలికులకు మాత్రము నవంబరు ముఖ్యము. ఈ భేదము తేదీలలోనిది గాదు, సిద్ధాంతములోనిది. చనిపోయినవాని ఆత్మ కొంతకాలము "ఉత్తరించు స్థలము"న నుండి శుద్ధి పొందునని, బ్రతికియున్నవారి ప్రార్థన దానికి తోడ్పడునని కతోలికుల నమ్మకము. లూథరు 1517లో తిరుగబడినది ఈ నమ్మకము చుట్టు అల్లుకొనిన పాపక్షమాపత్రముల వ్యాపారముమీదనే. ఆ వ్యాపారము నింద్యమే. అయినను చచ్చినవానికిని మనకును బంధము తెగలేదను భావము నింద్యము గాదు. పితృఋణమను మాట వినిన యింట పుట్టినవారికి అది క్రొత్తయు గాదు.

వీరి పాతదనమును తెలిసికొనుటకు శాసనములు వెదకనక్కరలేదు, పేర్లు చూచిన చాలును. రాయప్ప, చిన్నప్ప, శౌరయ్య, ఇన్నయ్య, జోజి, ఆరోగ్యమ్మ, జ్ఞానమ్మ – ఇవి వీరి యిండ్ల పేర్లు. శౌరి యనగా విష్ణువని మనము భ్రమపడుదుము. ఇది క్షావియరు పేరు తెలుగుగొంతులో మెత్తబడగా వచ్చినది. ఇన్నయ్య ఇగ్నేషియసు. పౌలను లాటిను మాటకు చిన్నవాడని యర్థము గనుక చిన్నప్ప. పేతురనగా రాయి గనుక రాయప్ప యని తెలుగువారి వ్యాఖ్య. అరవదేశపు గురువులు వాడిన మాటలే తెలుగుసీమకు నడచివచ్చినవి. పొరుగింటివాడు పిలిచినపుడు నాలుక తడబడనట్టి పేర్లు పెట్టిన యా తొలివారి వివేకమును మెచ్చుకొనవలసినదే.

ఆ తొలివారు పుదుచ్చేరినుండి 1701 ప్రాంతమున బయలుదేరిన ఫ్రెంచి జెసూటు గురువులు. వారి ప్రయత్నమునకు కర్ణాటక మిషనని పేరు. సంస్కృతమునకును లాటిను గ్రీకు భాషలకును చుట్టరికము కలదని 1767లో పారిసు పండితులకు వ్రాసిన కూర్డూ ఆ మిషనువాడే. రాయలసీమలో రెడ్లు, కమ్మవారు కొందరు ఆ మతమును గైకొనిరి. కరవులును దండయాత్రలును తరుమగా వారిలో కొన్ని కుటుంబములు తూర్పునకు నడచి కొండవీటి సీమను చేరినవి. ఫిరంగిపురము వంటి యూళ్లలోను, కృష్ణ దాపున ఓలేరులోను నిలిచినవి. ఓలేరునకు ప్రక్కనే భట్టిప్రోలు. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు స్ఫటికపు భరిణెలో ధాతువులు బయల్పడినవి. మృతుని యెముకను పదిలపరచి దానిచుట్టు ప్రదక్షిణము చేయుట ఈ మట్టికి ఫ్రెంచివారు నేర్పిన విద్య గాదని జ్ఞప్తి యుంచుకొనుట మేలు.

ఆ కాలపు కతోలికులు మనకొక కావ్యమును విడిచిపోయిరి. పింగళి యెల్లనార్యుడు తుమ్మ రాయపరెడ్డికి అంకితముగా వ్రాసిన సర్వేశ్వర మాహాత్మ్యము. దానినే తోభ్యాచరిత్రమని యందురు. అది పదునేడవ శతాబ్దిదని కొందరును, పదునెనిమిదవదని కొందరును అందురు. రెడ్లలో నీ మతము వ్యాపించినది 1701కి తరువాతనే గనుక రెండవ మాటయే నాకు పొసగియున్నది. కృతిభర్త పేరులోని రాయప్పను చూచితిరిగదా!

బైబిలులో నన్ని కథలుండగా ఈ తోభ్యా కథయే యేల? అది కతోలికుల బైబిలులో నున్నది గాని లూథరనుల బైబిలులో లేదు. తోభ్యా యూదుడు, పరదేశమున చెరనున్నవాడు. పండుగనాడు భోజనమునకు కూర్చుండగా, తన జాతివాడొకడు చంపబడి బజారులో పడియున్నాడని కుమారుడు వచ్చి చెప్పును. తోభ్యా ముద్ద నోట బెట్టక లేచి, శవమును తెచ్చి దాచి, ప్రొద్దు గ్రుంకిన పిదప గొయ్యి త్రవ్వి పూడ్చును. ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఈ పనికై మునుపు తన యాస్తి పోయినది; ప్రాణము పోవలసినది తప్పినది. ఆ రాత్రి గోడప్రక్కను పరుండగా పిచ్చుకల రెట్ట కన్నులలో బడి గ్రుడ్డివాడగును. పుణ్యము చేసినవానికి దక్కిన ఫలమిది! కథ తుదిని దేవదూత సాయమున చూపు తిరిగివచ్చును. కాని చదువరి మనస్సున నిలుచునది ఆ చూపుగాదు, విస్తరిముందునుండి లేచిన మనుష్యుడు. మృతులను పాతిపెట్టుట కతోలికులు లెక్కించు ఏడు శరీరోపకార ధర్మములలో నొకటియైనది ఈ కథనుబట్టియే. పుట్టిన యూరు విడిచి వచ్చి, దారిలో నెందరినో మట్టిచేసిన వారికి ఈ కథ రుచించుటలో వింత యేమున్నది?

ఇంతవరకు వీరిని పొగడుటయే యైనది. ఆ కాలముననే వీరి గురువులు మరణశయ్య కడ నొక పెద్ద తప్పు చేసిరి. పై కులములవారు వెలివేయుదురను భయమున, మాలమాదిగల యిండ్లలోనికి ప్రవేశింపక, చావనున్న రోగిని బయటికి మోసికొని వచ్చినగాని కడపటి అభ్యంగనము చేయకుండిరి. దక్షిణదేశపు మిషనులలో నిది వాడుకయైపోయినది. పోపుగారి ప్రతినిధి టూర్నోను 1704లో పుదుచ్చేరినుండి పదునారంశముల శాసనము వెలువరించెను. తాళిబొట్టు, స్నానము, విభూతి మొదలగు నాచారములను నిషేధించుటతోబాటు, పంచముని రోగశయ్యకడకు గురువు పోయి తీరవలెనని అందులో నాజ్ఞాపించెను. మొదటివానిని గూర్చి టూర్నోనునకు మన దేశాచారములు తెలియవని చెప్పవచ్చును. ఈ కడపటిదానియందు మాత్రము న్యాయము పరదేశి పక్షముననే యున్నది. నలువదియేండ్లు వాదములు నడచినవి. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు తీర్పు చెప్పుచు, పంచములకై వేరుగా గురువులను నియమించు నేర్పాటునకు సమ్మతించెను. రోగి గుడిసెలోనికి గురువు పోయెను, నిజమే. కాని గురువే ఇద్దరయ్యెను. ఆ రెండు సంఖ్య నేటికిని పూర్తిగా ఒకటి కాలేదు.

1773లో పోపు జెసూటు సభను రద్దుచేసెను. పారిసు మిషనువారు వారి స్థానమునకు వచ్చిరిగాని సీమ పెద్దది, గురువులు కొలదిమంది. 1875లో మిల్‌హిల్ సభవారు మద్రాసునకు వచ్చువరకు నూరేండ్లపాటు తెలుగు పల్లెలకు గురువు కానవచ్చుట అరుదు. అప్పుడు మతమును నిలిపినదెవరు? ఉపదేశియు, ఇంటి ముసలమ్మయు. లాటినులో జరుగు పూజ గురువులేనిది జరుగదు. తెలుగులో జపమాల చెప్పుటకు గురువక్కరలేదు. పరలోకజపము, పదిమారులు మంగళవార్త జపము, త్రిత్వస్తోత్రము – అక్షరము రాని స్త్రీ గూడ వేళ్లతో లెక్కపెట్టి చెప్పగలదు. చావు జరిగిన యింట రాత్రియంతయు శవముచుట్టు కూర్చుండి, ఒకరు సగము చెప్పగా తక్కినవారు సగమందుకొందురు. ఏడ్చి ఏడ్చి గొంతుపోయిన తల్లిగూడ తన వంతు వచ్చునప్పటికి పెదవులు కదలించును. దుఃఖమునకు మాటలు దొరకనపుడు, దొరకిన మాటలనే తిరిగితిరిగి పలుకుట యొక ఊరట. రెండవ వాటికను సభ, 1962 మొదలు 1965 వరకు జరిగినది, పూజను తెలుగులోనికి తెచ్చినది. కాని శోకమింట జపమాలకే నేటికిని ప్రాధాన్యము.

1940లో గుంటూరు పీఠమేర్పడగా మొదటి పీఠాధిపతియైన పొతకమూరి తోమాసుగారు తెలుగువారే. తెనాలి, బాపట్ల, రేపల్లె ఆ పీఠములోనివే.

వీరి సంవత్సరచక్రమున దుఃఖమునకును వినోదమునకును నడుమ గోడ లేదు. విభూది బుధవారమునాడు నొసట బూడిద, మట్టల ఆదివారమునాడు చేతిలో ఈతమట్ట. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లు. 1924లో అర్లాతి యను ఇటలీ గురువు విజయవాడ ప్రక్క కొండమీద ప్రతిష్ఠించిన మరియమాత కడకు, తెనాలినుండి క్రిక్కిరిసిన రైళ్లలో పోవువారందరును కతోలికులు గారు. కొబ్బరికాయ కొట్టుదురు, తలనీలాలిత్తురు. కొందరు పండితులు దీనిని నవ్వుదురు. బిడ్డ జ్వరము తగ్గినదని మ్రొక్కు చెల్లించు తల్లిని, ఆమె యే కొండ యెక్కినను, నవ్వుటకు నాకు మనసొప్పదు.

చలనచిత్రముగూడ ఈ చక్రములో చేరినది. 1978లో వచ్చిన కరుణామయుడు భీమ్‌సింగుగారి దర్శకత్వమున ఆరంభమైనది. క్రిస్టఫర్ కొయిలో యను ఫ్రాన్సిస్కను గురువునకును అందులో పెద్దపాలు గలదు. క్రీస్తు సిలువ మోయు ఘట్టమునకు పాట వ్రాసిన మోదుకూరి జాన్సన్ తెనాలి ప్రక్క కొలకలూరువాడు. విజయచందరు క్రీస్తు వేషమున నటించెను. పల్లెలలో తెరకట్టి ఈ చిత్రమును చూపినపుడు సిలువ ఘట్టమున వీథియంతయు ఏడ్చెడిది. సిలువ మార్గమును గుడిగోడమీది పదునాలుగు పటములలో తరతరములుగా చూచినవారికి అది చిత్రమనిపించలేదు, తమ యింటి చావే అనిపించినది.

ఇక శ్మశానము మాట. ఒకే పీఠము, ఒకే పూజ, ఒకే జపమాల. అయినను కొన్ని యూళ్లలో గుడిలో కూర్చుండుటకు రెండు ప్రక్కలు, పాతిపెట్టుటకు రెండు చోట్లు. ఇది బయటివారి యపవాదు గాదు: భారత కతోలిక పీఠాధిపతుల సభయే 2016లో ప్రకటించిన దళిత సాధికార విధానములో సంఘములోపల అంటరానితనమున్నదని యొప్పుకొనినది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినలైరి. దళితులలో ఆ పదవి నందిన మొదటివారు ఆయనయే. రోములో దొరకిన ఆసనము పల్లెలో ఆరడుగుల నేలగా మారుటకు ఇంకెంతకాలమో! హిందువులమైన మనము దీనిని చూచి ముసిముసి నవ్వులు నవ్వవలదు. ఆ రెండవ గోరీదొడ్డికి కొలతత్రాడు మన యింటినుండియే పోయినది.

పూడ్చుట యొక హక్కని ఈ సీమ యొకమారు నెత్తురుతో నేర్చుకొనినది. తెనాలి దాపున చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులను చంపి, శవములను కాలువలో పడవైచిరి. బంధువులు వారిని ఊరిచివరకు కొనిపోలేదు; ఊరి నడుమనే పాతిపెట్టి ఆ స్థలమునకు రక్తక్షేత్రమని పేరిడిరి. ప్రత్యేక న్యాయస్థానము 2007లో విధించిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసినది. ఇది యే యొక్క మతశాఖకు సంబంధించిన సంగతియు గాదు. అయినను చంపబడినవానిని బజారునుండి మోసికొనివచ్చి పాతిపెట్టిన తోభ్యా కథను తెలిసినవాడు ఆ సమాధులముందు నిలువబడి వేరొకటి తలపోయలేడు.

అన్ని శవములును దొరకవు. 1977 నవంబరు 19న నిజాంపట్నము వైపున తీరముదాటిన తుపానులో ఉప్పెన లేచి దివిసీమనుండి బాపట్లవరకు ఊళ్లను ముంచినది. పదివేలకు పైగా జనులు గతించిరి. గుర్తింపరాని శవములను కుప్పలుగా దహనము చేసిరి. కతోలికులకు దహనము 1963 వరకు నిషిద్ధము. ఆ యేడు రోము దానికి అనుమతి నిచ్చినది. కాని ఆ దినములలో నెవరి అనుమతి ఎవరడిగిరి! ఏ మంటలో నెవరు కాలిరో తెలియదు. మృతుల మాసమని కతోలికులు పేరు పెట్టుకొనిన నవంబరే తుపానుల మాసమగుట ఈ తీరపువారి ప్రారబ్ధము.

అట్టివారికై సమాధులదొడ్డి నడుమనుండు పెద్ద సిలువ కలదు. తనవారి గోరీ యెచ్చటనో, అసలున్నదో లేదో తెలియనివారు కొవ్వొత్తిని దాని పాదమున వెలిగింతురు. నవంబరు రెండవ తేదీ రాత్రి రైలునుండి చూచినపుడు అన్నిటికంటె పెద్దదిగా తోచు దీపపు గుంపు అదియే.