మానవుల రెండో క్రోమోజోము

మనిషి కణంలో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. చింపాంజీ, బొనొబో, గొరిల్లా, ఒరాంగుటాన్‌లలో ఉండేవి 24 జతలు. పూర్వం విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మానవ వంశంలో కొసలు కలిసి అతుక్కుపోవడమే ఈ తేడాకు కారణం. అలా ఏర్పడినదే రెండో క్రోమోజోము. సంఖ్య తగ్గినా జన్యు సమాచారం దాదాపుగా చెక్కుచెదరలేదు.

చాలాకాలం ఈ తేడా ఉన్నట్టే ఎవరికీ తెలియదు. మనిషికి 48 క్రోమోజోములని 1923లో థియోఫిలస్ పెయింటర్ ప్రకటించగా, మూడు దశాబ్దాలకు పైగా అదే లెక్క చెలామణి అయింది. కణాలను ఉబ్బించి క్రోమోజోములు విడివిడిగా పరుచుకునేలా చేసే పద్ధతి వచ్చాక, 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ ఆ సంఖ్య 46 అని తేల్చారు. చింపాంజీకి మాత్రం నిజంగానే 48. 1970ల్లో క్రోమోజోముల మీద చారలు కనిపించేలా రంగు వేసే పద్ధతులు రావడంతో పోలిక తేలికైంది. 1982లో యూనిస్, ప్రకాశ్ మనిషినీ మూడు మహావానరాలనూ చారకు చార సరిచూసి, అతుకుతోపాటు కొన్ని క్రోమోజోముల్లో ముక్కలు తలకిందులైన చోట్లను కూడా చూపారు.

గట్టి సాక్ష్యం 1991లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. క్రోమోజోము కొసలను కాపాడే టీలోమియర్లలో టీటీఏజీజీజీ అనే అక్షరక్రమం వరుసగా పునరావృతమవుతుంది. కొసల్లోనే ఉండాల్సిన ఆ వరుసలు రెండో క్రోమోజోము నడుమ ఎదురెదురుగా దొరికాయి. ఇంతకంటే స్పష్టమైన అతుకు గుర్తు కోరలేం. కలిసిన రెండింటికీ చెరొక సెంట్రోమియర్, అంటే కణ విభజనలో క్రోమోజోమును లాగే పోగులు పట్టుకునే చోటు, ఉండేది. రెండూ పనిచేస్తే కణ విభజనలో క్రోమోజోము తెగిపోయే ప్రమాదం ఉంది. వాటిలో ఒకటి మూగబోయింది, దాని శిథిలం ఇప్పటికీ అక్కడే ఉంది. అంతరించిపోయిన ప్రాచీన మానవులైన డెనిసోవన్ల జీనోమును 2012లో చదివినప్పుడు అందులోనూ ఇదే అతుకు కనిపించింది. కాబట్టి వారి వంశం మన వంశం నుంచి చీలకముందే ఇది జరిగిందన్నమాట.

ఈ అతుకే మనల్ని మనుషులను చేసిందని జనరంజక రచనల్లో కనిపించే మాటకు ఆధారం లేదు. రెండు క్రోమోజోములు అతుక్కుని 45తోనే ఆరోగ్యంగా బతికే మనుషులు నేటికీ ఉన్నారు. గిబ్బన్లలోనైతే ఈ మార్పులు మరీ విపరీతం. అస్సాం అడవుల్లోని హూలాక్ గిబ్బన్‌కు 38 క్రోమోజోములు, వియత్నాం వైపు ఉండే నోమాస్కస్ గిబ్బన్లకు 52. అయినా ఈ రెండూ చేతులతో కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ సాగే గిబ్బన్లే.