భర్మార్ తుపాకి: మందు, గుండు, గురి

'భర్మార్' అన్నది మన ఉర్దూ నుంచి తెలుగు పల్లెల్లోకి వెళ్ళి స్థిరపడిన మాట. భర్నా అంటే నింపడం, మార్ అంటే కొట్టడం. నింపి కొట్టే తుపాకి గనుక భర్మార్ అయింది. జనగామ మొదలు మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల దాకా ఈ మాట తెలియని పాతకాలపు మనిషి ఉండడు. తెలంగాణ రైతాంగ పోరాటం గురించి రాసేవారు 'జనం భర్మార్లతో ఎదిరించారు' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ తుపాకి ఎట్లా పని చేస్తుందో తెలిస్తేగాని ఆ వాక్యం బరువు మనకు తెలియదు.

మూతి వైపు నుంచి మందు పొయ్యాలి. దానిపై పీచో గుడ్డపేలికో పెట్టాలి, గుండు వెయ్యాలి, గజంతో అడుగు దాకా కూరాలి. వెనుక చెవి దగ్గర టోపీ పెట్టి గుర్రం ఎక్కించాలి. ఇంత చేస్తే ఒక్క దెబ్బ. ఆ దెబ్బ తగిలినా తగలకున్నా మళ్ళీ మొదటి నుంచీ అంతా చెయ్యాల్సిందే. చెయ్యి తిరిగినవాడికే అర నిమిషం దాకా పడుతుంది. ఎదుటివాడు ఆ అర నిమిషం ఊరుకుంటాడా?

ఇక గురి సంగతి. గురి అంటే కన్ను ఒక్కటే కాదు. గొట్టం ఎంత వెడల్పు, గుండు ఎంత లావు, మందు ఎంత కొలత, ఈ మూడూ కుదరాలి. గుండు వదులైతే గొట్టంలో అటూ ఇటూ తగులుతూ పోయి బయటికి రాగానే ఏదో ఒక పక్కకు తిరుగుతుంది. మందు సెగ కూడా పక్కల నుంచి జారిపోతుంది. గుండు మరీ బిగువైతే కూరడమే కష్టం. అడుగు దాకా దిగక మందుకూ గుండుకూ నడుమ సందు మిగిలితే గొట్టమే పగలవచ్చు. పైగా నల్లమందు కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల మసి పేరుకుంటుంది. మొదటి దెబ్బకు సరిపోయిన గుండు అయిదో దెబ్బకు దిగదు.

ఈ చిక్కు ఇంగ్లీషు సర్కారు ఫౌజునూ వదల్లేదు. వాళ్ళ పాత 'బ్రౌన్ బెస్' తుపాకి గొట్టం సుమారు 19 మిల్లీమీటర్లు, గుండు పదిహేడున్నర. అంత వదులుంటే నూరు గజాలు దాటాక గురి దేవుడి దయే. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు పెట్టారు. మిన్యే అనే ఫ్రెంచి అధికారి ఆలోచన ప్రకారం గుండును అడుగున బోలుగా చేశారు. చిన్నగా లోపలికి దిగి, మందు అంటుకోగానే ఉబ్బి గాడులను పట్టుకొని తిరుగుతూ పోతుంది. మందు కొలత సుమారు నాలుగున్నర గ్రాములు, ప్రతిదీ కాగితం తోటాలో ముందే కట్టి పెట్టినది. ఆ తోటాకు పూసిన కొవ్వే 1857లో ఎంత మంట రేపిందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. పందికొవ్వు, ఆవుకొవ్వు అన్న మాట పుట్టింది. మీరట్‌లో 85 మంది సవార్లు తోటా ముట్టమన్నారు. మే 10న అక్కడ తిరుగుబాటు లేచింది. జూలై 17న మన హైదరాబాద్ రెసిడెన్సీ మీదికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషుల్ని తీసుకొని వెళ్ళారు. కొవ్వు ఎందుకు పూశారో మాత్రం తక్కువమందికి తెలుసు. మసి పట్టిన గొట్టంలో గుండు సులువుగా దిగాలని! గుండు కొలత 14.4 మిల్లీమీటర్ల నుంచి 14కు తగ్గించడం కూడా అందుకే. సందు మూయడానికి గుండుకు పాదరక్ష తొడగడం మరో పద్ధతి. ఫ్రెంచి వాళ్ళు దాన్ని 'సాబో' అన్నారు, అంటే కర్ర చెప్పు. అమెరికాలో వేటగాళ్ళు నేటికీ ప్లాస్టిక్ సాబో తొడిగి, మందు కొంచెం కొంచెం మారుస్తూ, తమ తుపాకికి ఏ జత కుదురుతుందో బోర్డు మీద కాల్చి చూసుకుంటారు.

మన పల్లె భర్మార్‌కు ఈ భోగం ఏదీ లేదు. గొట్టంలో గాడులుండవు, సాపు గొట్టం. గుండు చేత్తో పోసిన సీసం, లేదంటే ఛర్రాలు. మందు కొలత చేతి అంచనా. అడవి పందిని చేలోంచి తరమడానికి అది చాలు. మనిషి ప్రాణం కాపాడుకోవడానికి?

దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తుపాకి జోలికి పోలేదు. విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్న దాయాదుల మీద భూమి కోసం కోర్టుకు వెళ్ళి గెలిచాడు. 1940లో గొడ్డళ్ళతో నరికి చంపారు. ఆయన కథే 'మా భూమి' నాటకానికి మూలం. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటికి జనం చేతుల్లో కర్రలూ వడిసెలలే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దొరికిన ఆయుధమల్లా అప్పుడు పనికొచ్చింది, భర్మార్ కూడా. రజాకార్లు ముస్లింల పేరు చెప్పుకొని తిరిగారు గాని, బందగీ ఎవరు, మఖ్దూం ఎవరు? ఈ సంగతి మన పిల్లలకు మనమే చెప్పాలి.

జనగామ పక్కనే ఉన్న బైరాన్‌పల్లి చూడండి. ఊరివాళ్ళు బురుజెక్కి భర్మార్లూ వడిసెలలతో కాపలా కాశారు. బురుజు మీది నుంచి భర్మార్‌కు కొంత న్యాయం జరుగుతుంది. కింద గుంపుగా వచ్చేవాళ్ళకు ఛర్రా తగులుతుంది, నింపుకునేవాడికి గోడ చాటు ఉంటుంది. అందుకే ముందు వచ్చిన దాడుల్ని తిప్పికొట్టగలిగారు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున మాత్రం రజాకార్లు నిజాం ఫౌజును వెంటబెట్టుకొని పెద్ద ఆయుధాలతో వచ్చారు. వానకాలం కూడా. నల్లమందుకు తేమ పగ. ఎదుట మూతి నుంచి నింపే పని లేని రైఫిళ్ళు. ఆ రోజు ఆ ఊళ్ళో ఎన్నో పదుల మంది చనిపోయారు. ధైర్యం తక్కువై కాదు. బురుజు ఇప్పటికీ ఉంది, జనగామ వైపు వెళ్ళేవారు ఒకసారి ఆగి చూడవచ్చు.

మూడు వారాలకే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. పోరాటం అక్కడితో ఆగలేదు. దళాలు గోదావరి వైపు అడవుల్లోకి జరిగాయి. 1951 అక్టోబరు 21న విరమణ ప్రకటించారు.

ఆ తర్వాత భర్మార్ మళ్ళీ చేలకాపలాకే వచ్చింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు వాడే మూతి నింపుడు తుపాకిని పేరు పెట్టి చెప్పారు, లైసెన్సు మీద ఉంచుకోవచ్చు. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక వేటకు దారి మూసుకుంది. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఏ ఇంట్లోనైనా తాతల నాటి భర్మార్ అటక మీద ఉంటే, లైసెన్సు కాగితం ఉందో లేదో ముందు చూసుకోవాలి. సరదాకు మందు పోసి కాల్చి చూడవద్దు. లోపల తుప్పు తిన్న గొట్టం ఏ కొలతకూ నిలవదు.