నగరం: మంటకు ముందు చరిత్ర

కోనసీమలో గ్యాస్ ప్రమాదాల గురించి చెప్పమంటే చాలామంది పాశర్లపూడితో మొదలుపెడతారు. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. మరో 19 ఏళ్ళకి, మామిడికుదురు మండలంలో, నగరం ఊళ్ళో ఇంకో మంట. 2014 జూన్ 27 తెల్లవారుజామున, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే గెయిల్ గ్యాస్ లైను పగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సరిగ్గా అనిపించదు. బ్లోఔట్‌లో భూగర్భంలోని ఒత్తిడి ఒక్కసారిగా అదుపు తప్పుతుంది. నగరంలో జరిగింది అది కాదు. అక్కడి 18 అంగుళాల గొట్టాన్ని తుప్పు లోపల్నుంచి మెల్లగా తినేసింది. అది పొడి గ్యాస్ కోసం వేసిన లైను. అందులో తడి గ్యాస్ పారిందని విచారణలో తేలింది. గ్యాస్‌తో వచ్చిన నీరు గొట్టం అడుగున చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి ఆమ్లం అవుతుంది, ఉక్కు పల్చబడుతుంది. ఇదేం కొత్త శాస్త్రం కాదు. విరుగుడూ తెలిసిందే: నీటిని ముందే తీసేయాలి, పిగ్ అనే పరికరాన్ని లోపలికి పంపి శుభ్రం చేయాలి, గోడ మందం కొలుస్తూ ఉండాలి.

ఆ రోజు టీకొట్టులో వెలిగించిన పొయ్యి నుంచి మంట అంటుకుందని పత్రికలు రాశాయి. కావచ్చు. కానీ చరిత్రని ఆ పొయ్యి దగ్గర మొదలుపెడితే, తప్పు రోజూలాగే లేచి టీ పెట్టుకున్న మనిషి మీదకి పోతుంది. కొన్నేళ్ళు వెనక్కి వెళ్తే, గొట్టంలోకి నీటిని రానిచ్చిన నిర్ణయాలు కనబడతాయి. ఎక్కడ మొదలుపెడతామన్నదాన్ని బట్టి దోషి మారిపోతాడు.

'సేఫ్టీ కల్చర్' అన్న మాట 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నివేదికలతో వాడుకలోకి వచ్చింది. యంత్రంతో పాటు దాన్ని నడిపే సంస్థ అలవాట్లనీ పరీక్షించాలని దాని సారాంశం. నామటుకు నేను ఒకటే చూస్తాను: చెడ్డ వార్త కింది నుంచి పైకి ఎంత త్వరగా వెళ్తోంది, వెళ్ళాక ఎవరైనా వాల్వు కట్టేస్తున్నారా? గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని నగరం జనం ప్రమాదం తర్వాత చెప్పారు. పైపులైను ఆడిట్లలో గోడ మందానికి ఒక గడి ఉంటుంది. ఊరివాళ్ళు చెప్పిన వాసనకీ, దానికి ఎన్ని గంటల్లో జవాబు వెళ్ళిందన్నదానికీ అంత ముఖ్యమైన గడే ఉండాలి.