హైస్కూలు మెట్టు

మన సంఘం సావనీరులో ఏటేటా చదువు మీద ఒక వ్యాసం పడుతూనే ఉంది. 'పిల్లల్ని చదివించండి' అనడం తేలికే. వాళ్ళు ఏ మెట్టు దగ్గర జారిపోతున్నారో, ఆ మెట్టును మన జిల్లాల్లో పూర్వులు ఎలా కట్టారో చూపాలని మా ఉద్దేశం. ఆ మెట్టు హైస్కూలు.

విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి వారు 1857లో బడి పెట్టారు. మద్రాసు యూనివర్సిటీ పుట్టిన సంవత్సరమూ అదే. ఆ బడికి కాలేజీ తరగతులు 1879లో గాని రాలేదు. అంటే ఇరవై రెండేళ్ళు కింది తరగతులే గట్టిపరిచారన్న మాట. (ఈ రోజుల్లో ముందు కాలేజీ బోర్డు కట్టి, తర్వాత పిల్లల్ని వెతుక్కుంటున్నారు. అది వేరే సంగతి.)

అప్పట్లో హైస్కూలు చివర మెట్రిక్యులేషన్ అనే గండం ఉండేది. పరీక్ష పెట్టేది మద్రాసు యూనివర్సిటీ, రాయవలసింది ఇంగ్లీషులో. తప్పేవాళ్ళే ఎక్కువ. గురజాడ అప్పారావు గారు చీపురుపల్లిలో చిన్న చదువు ముగించుకుని విజయనగరం వచ్చి వారాలు చేసుకుని చదివారు. ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు చేరదీసి తిండి, నీడ ఇచ్చారు. ఉస్తాద్ తన ఇంట్లో షాగిర్దుకు అన్నం పెట్టడం మనకూ తెలిసిన మర్యాదే. అప్పారావు గారు మెట్రిక్ 1882లో గట్టెక్కారు. అప్పటికి వయసు ఇరవైకి దగ్గర. 1884లో ఎఫ్.ఏ. ప్యాసై, ఆ ఏడే అదే హైస్కూల్లో 25 రూపాయల జీతానికి మాస్టరుగా చేరారు.

మా మనసుకు ఇంకా దగ్గరివారు గిడుగు రామమూర్తి గారు. 1863లో శ్రీకాకుళం జిల్లా, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1879లో మెట్రిక్ ప్యాసయ్యారు. ఆ మరుసటేడే పర్లాకిమిడి రాజావారి బళ్ళో 30 రూపాయలకు చరిత్ర మాస్టరు. కాలేజీ మొహం చూడకుండా, పగలు పాఠం చెబుతూ తీరికలో తనే చదువుకుని ఎఫ్.ఏ., బి.ఏ. రెండూ ప్రైవేటుగా ప్యాసయ్యారు. హైస్కూల్లో పడిన పునాది గట్టిది కాబట్టే పై చదువు ఒంటరిగా సాగిందని మేము అనుకుంటాము.

ఆయన ఊరుకోలేదు. కొండల్లోంచి వచ్చే సవరల మాట విని, అది నేర్చుకుని, వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. పిల్లవాడికి ఇంట్లో ఉన్న మాట బళ్ళో లేకపోతే చదువు ఎక్కదని ఆయన చేసి చూపారు. అదే వాదం తెలుగు పిల్లల కోసం కూడా ఎత్తుకున్నారు. స్కూలు ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్సు దొర, గురజాడ వారు ఆయన పక్షం. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక తెలుగులో కూడా రాయవచ్చునని అనుమతి వచ్చింది. పండితులు గోల చేస్తే అది కాస్తా పోయింది. 1914లో గురజాడ వారు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. ఇంత రభసా పరీక్ష తేలిక చెయ్యమని కాదు సుమండీ! పిల్లవాడు బట్టీ పట్టకుండా తన బుర్రతో రాయాలని.

తర్వాతి కాలంలో కోరుకొండ చూడండి. పూసపాటి వారు ఇచ్చిన కోటలో 1962 జనవరి 18న సైనిక్ స్కూలు మొదలైంది. ఎంట్రన్సు నెగ్గి ఆరో క్లాసులో చేరిన పిల్లవాడు తెల్లవారుజామున లేవడం మొదలు రాత్రి చదువు దాకా గంట ప్రకారం నడవాలి. 2021 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు. ఇది మన వాకిట్లోనే ఉంది గానీ, మన బస్తీల నుంచి ఎంతమంది దరఖాస్తు పెడుతున్నాము?

మేము ఉర్దూ మీడియం మాస్టర్లము. మా దగ్గర అయిదో జమాత్ దాకా పిల్లలు హుషారుగా చదువుతారు. లెక్క వేస్తారు, ప్రశ్న అడుగుతారు. ఆరులో తెలుగు బళ్ళోనో ఇంగ్లీషు బళ్ళోనో కూర్చోగానే నోరు మూతపడుతుంది. మొద్దు అని పేరు పడుతుంది. ఎనిమిదికి వచ్చేసరికి మెకానిక్ షెడ్డులో కనిపిస్తారు. ఆ పిల్లవాడికి తెలివి తక్కువ కాదు. ఉర్దూలో వచ్చిన లెక్క తెలుగులో చెప్పే వంతెన మేము కట్టలేదు. తప్పులో మా వాటా మేము ఒప్పుకుంటున్నాము.

అందుకని నిరుడు వేసవిలో అయిదు పూర్తయిన పిల్లల్ని మస్జిద్ పక్క గదిలో కూర్చోబెట్టాము. రోజూ రెండు గంటలు. పాఠం ఉర్దూలో చెప్పడం, అదే పాఠం తెలుగులో వాళ్ళ చేత చెప్పించడం, చివర అయిదు వాక్యాలు సొంతంగా రాయించడం. దిద్దిన కాగితం మర్నాడు మళ్ళీ రాయాలి. పదకొండు మంది వచ్చారు, ఇద్దరు మధ్యలో మానేశారు. మిగతా తొమ్మిది మందీ ఇప్పుడు ఆరో క్లాసులో ఉన్నారు. ఈ వేసవికి గది అదే, బల్లలు మాత్రం చాలవు.