వీపుకు తగిలే గాలి

పారోస్ దీవి, గోల్డెన్ బీచ్. ఆగస్టు ఎండకి ఇసుక చురుక్కుమంటోంది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే మీ కాలివేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఎదురుగా, జలసంధికి అవతల, నాక్సోస్ దీవి కొండలు.

పాడిల్ బోర్డు అద్దెకిచ్చిన కుర్రాడు బోర్డు తాడు మీ చీలమండకి చుట్టి, లైఫ్ జాకెట్ చేతికిస్తాడు. అసలే ఎండ. వేసుకుంటారా, ఇసుకలో పడేస్తారా? వేసుకోండి. బకిల్ టక్కుమనేదాకా నొక్కండి.

నాలుగుసార్లు తెడ్డు వేస్తే చాలు, బోర్డు జారిపోతోంది. ఎంత సులువో! మీకు బాగా చేతనైందనుకుంటున్నారు. కాదు. వీపుకు హాయిగా తగులుతున్న గాలి తోస్తోంది.

అంత గాలి ఉంటే ఒడ్డున అలలేవీ? ఇది మెల్టెమి. వేసవిలో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి వీచే పొడి గాలి. మబ్బు తునకైనా ఉండదు, మధ్యాహ్నానికి మాత్రం బలం పుంజుకుంటుంది. ఇక్కడ అది నేల మీదుగా ఏటవాలుగా సముద్రంలోకి దిగుతుంది. ఒడ్డు దగ్గర అలను లేపడానికి దానికి చోటు చాలదు. లోపలికి వెళ్ళేకొద్దీ చోటు దొరుకుతుంది.

వెనక్కి తిరిగి చూస్తారు. గొడుగుల రంగులు పోల్చుకోలేరు. ఒడ్డు వైపు తెడ్డు వేస్తారు. బోర్డు కదలదు. నిలబడ్డ మీ ఒళ్ళే గాలికి తెరచాప. మోకాళ్ళ మీదికి దిగండి.

తెల్లటి నురగ. అల పక్కనుంచి కొట్టింది. పడ్డారు. ముక్కులో ఉప్పునీళ్ళు. బోర్డేదీ? తాడు కాలిని లాగింది. ఉంది. పట్టుకోండి. ఎక్కండి.

ఒడ్డు దగ్గర్లోనే ఉన్నట్టుంది. బోర్డు వదిలేసి ఈదేద్దామా?

వద్దు. అలల మధ్య తల కనబడదు. బోర్డు కనబడుతుంది. తేలుతుంది.

బోర్లా పడుకోండి. తెడ్డు ఛాతీ కింద. చేతులతో తోయండి. కదిలిందా? లేదు. ఆపండి. ఓపిక దాచుకోండి. లేచి కూర్చోండి. రెండు చేతులూ పక్కలకి చాచండి. మెల్లగా పైకి. కిందికి. మళ్ళీ పైకి. ఆదుకోమని ఏ దేశపు నావికుడికైనా చెప్పే సైగ ఇదే.

ఒక విండ్‌సర్ఫర్ తెరచాప ఇటు మళ్ళింది. చూశాడు. అతను ఒడ్డు వైపు చెయ్యి ఊపాడు. మోటారు చప్పుడు. రబ్బరు పడవ. మీ చంకల కింద రెండు చేతులు.

"పొద్దున్నే రండి, గాలి లేవకముందు," అంటాడు పడవ నడిపే ఆయన. "దిగేముందు కాళ్ళ దగ్గర నీళ్ళు కాదు, దూరాన నీళ్ళు చూడండి. అక్కడ నురగ తెల్లగా లేస్తుంటే ఒడ్డు వదలకండి."

ఇసుక మీద మీ కాళ్ళింకా వణుకుతున్నాయి. పది అడుగుల అవతల ఒక పిల్లాడు గాలి నింపిన రబ్బరు పరుపు నీళ్ళలోకి లాగుతున్నాడు. దానికి తాడు లేదు. వాడికి జాకెట్ లేదు. వాళ్ళమ్మ టవల్ పరుస్తోంది. గాలి వాడి వీపు మీదే.

కూర్చోకండి. వెళ్ళి ఆ పరుపు పట్టుకోండి. వాళ్ళమ్మను పిలవండి.