ముప్పై రోజులా, నలభై రోజులా? డుబ్రోవ్నిక్‌లో క్వారంటైన్ ఆనవాళ్లు

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ పాతపట్నంలో తూర్పున ఉన్న ప్లొచె ద్వారం దాటి నాలుగడుగులు వేస్తే బాన్యె బీచి వస్తుంది. ఇసుక కంటే గులకరాళ్లే ఎక్కువ. ఎదురుగా లోక్రుమ్ దీవి, పక్కన కోటగోడ. ద్వారానికీ బీచికీ మధ్య, సముద్రాన్ని ఆనుకుని పొడవాటి రాతి గదుల వరుస ఒకటుంది. మొత్తం పది గదులు, నడుమ లోగిళ్లు. స్నానాల తొందరలో ఉన్నవాళ్లు దీన్ని చూడకుండానే దాటిపోతారు. దీని పేరు లాజరెటి. పూర్వం బయటి ఊళ్లవాళ్లనూ సరుకులనూ ఆపి ఉంచిన చోటు ఇదే.

‘క్వారంటైన్ పుట్టిల్లు ఇదే. 1377లో ఇక్కడ నలభై రోజులు ఆపేవారు’ అన్న మాట యాత్రికులకు తరచు వినిపిస్తుంది. క్వారంటైన్ అన్నది 2020లో మన పల్లెల్లో అవ్వల నోట కూడా నలిగిన మాట కనుక, దాని పుట్టుక గురించి ఎవరేం చెప్పినా చెవి అటే పోతుంది. ఇందులో ఊరు సరైనదే, ఏడాదీ సరైనదే. రోజుల లెక్క మాత్రం తప్పు. ఈ కట్టడం కూడా అప్పటిది కాదు.

అసలు ఆధారం ఒక చట్టాల సంపుటం. అట్టను బట్టి దాన్ని ‘పచ్చ పుస్తకం’ అంటారు. అప్పట్లో రగూజా అనే పేరున్న ఈ నగర రాజ్యపు మహాసభ 1377 జులై 27న చేసిన తీర్మానం అందులో లాటిన్‌లో ఉంది. సభకు వచ్చినవారు 47 మంది, ఒప్పుకున్నవారు 34 మంది. అంటే ఏకగ్రీవం కాదు. ప్లేగు తెగులు సోకిన చోట్ల నుంచి వచ్చేవారు, మనవాళ్లయినా పరాయివాళ్లయినా, ముందుగా మర్కన్ అనే చిన్న దీవిలో గానీ త్సవ్తాత్ పట్టణంలో గానీ ఒక నెల గడపాలి. ఆ తర్వాతే నగరంలోకి ప్రవేశం. వాళ్ల దగ్గరికి వెళ్లిన ఊరివాళ్లూ అక్కడే నెల ఉండాలి. సభ నియమించినవారు తప్ప మరొకరు తిండి తీసుకెళ్లకూడదు.

కాబట్టి గడువు ముప్పై రోజులు. నలభై తర్వాత వచ్చింది. వెనిస్ భాషలో నలభైని క్వరాంతా అంటారు. లోకమంతా పాకిన పేరు అందులోంచే పుట్టింది. ఆచారం ఒక ఊరిది, పేరు దాని పోటీ ఊరిది!

ఇదే మొదటిదా అన్న ప్రశ్నకు జాగ్రత్తగా జవాబివ్వాలి. 1374లోనే ఇటలీలోని రెజ్జోలో ప్లేగు రోగులను ఊరి బయటి పొలాలకు పంపాలన్న ఆజ్ఞ ఉంది. అయితే అది రోగం బయటపడినవారి సంగతి. రగూజా తీర్మానం ఆరోగ్యంగా కనిపించేవారిని సైతం ఆపమంది. ఈ తేడా వల్లే చరిత్రకారులు దానికి పెద్దపీట వేస్తారు, అది సబబే అనుకుంటాను. శాశ్వత ఆసుపత్రి దీవి విషయంలో మాత్రం 1423 నాటి వెనిస్‌దే ముందడుగు.

ఈ నియమం ఊరిని కాపాడిందా? అంత మాట అనడానికి ఆధారాలు చాలవు. 1526–27లో ఇదే నగరాన్ని ప్లేగు ఘోరంగా దెబ్బతీసింది. వ్యాధికి మూలం ఒక బాక్టీరియా అనీ, ఎలుకల మీది గోమార్లు దాన్ని మోసుకొస్తాయనీ 19వ శతాబ్దం చివర గానీ తేలలేదు. 1377 తీర్మానం మనుషుల గురించే మాట్లాడింది. ఎలుకలు ఏ సభ అనుమతీ అడగవు. అయినా వ్యాపారమే బతుకుతెరువైన ఊరు తలుపులు పూర్తిగా మూసుకోకుండా దారి వెతికిందన్నది మాత్రం పత్రంలోనే కనిపిస్తుంది.

బీచి పక్కనున్న లాజరెటి కట్టాలన్న నిర్ణయం 1590లో జరిగింది, పనులు 17వ శతాబ్దంలో ముగిశాయి. అంటే ఆ తీర్మానానికీ ఈ గోడలకూ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. ఆటోమన్ ఏలుబడిలోని బోస్నియా నుంచి బిడారులు దిగేది ప్లొచె ద్వారం దగ్గరే. కట్టడానికి ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు ఊరు లెక్కపెడుతున్నది యాత్రికులను. 1,940 మీటర్ల ప్రాకారం లోపల ఒకేసారి 8,000 మందికి మించి ఉండకూడదని యునెస్కో వైపు నుంచి సూచన వచ్చింది. ద్వారాల దగ్గర మనుషులను లెక్కించే కెమెరాలు పెట్టారు. క్రూజ్ నౌకలను రోజుకు రెండింటికి పరిమితం చేస్తూ 2019లో ఒప్పందం కుదిరింది. 1991లో సుమారు 5,000 మంది కాపురమున్న పాతపట్నంలో ఇప్పుడు రెండు వేల లోపే మిగిలారు. దీన్ని 1377కు కొనసాగింపుగా చూపాలని మనసు లాగుతుంది గానీ, రోగభయం వేరు, రద్దీ వేరు. రెండింటినీ ఒకే దారానికి గుచ్చడం నాకు సమ్మతం కాదు.

వెళ్లేవారికి ఒక సూచన. పచ్చ పుస్తకం ఉన్న ప్రభుత్వ అభిలేఖాగారం స్పొంజా భవనంలో ఉంది. 1667 ఏప్రిల్ 6 భూకంపాన్ని తట్టుకున్న కట్టడమది. అక్కడి నుంచి లాజరెటికి నడిచి వెళ్లవచ్చు, అందులో ఇప్పుడు కచేరీలు జరుగుతుంటాయి. త్సవ్తాత్‌కు పడవ ఎక్కితే దాని దగ్గర సముద్రంలో మర్కన్ కనిపిస్తుంది. అక్కడ ఇళ్లు లేవు. అది ఇప్పుడు పక్షుల రక్షిత ప్రాంతం.