పచ్చ సిగ్నల్‌ను నమ్మిన బండి

2023 జూన్ 2, శుక్రవారం. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు షాలిమార్ స్టేషన్ నుంచి చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. బెంగాల్ పల్లెల నుంచి తమిళనాడుకీ కేరళకీ కూలికి వెళ్లే కుర్రాళ్లు జనరల్ పెట్టెల్లో ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. రిజర్వేషన్ పెట్టెల్లో వైద్యానికి చెన్నై వెళ్లేవాళ్లు, విశాఖపట్నం, రాజమండ్రి, ఏలూరు, విజయవాడల్లో దిగాల్సినవాళ్లు ఉన్నారు. తెల్లారేసరికి తెలుగు నేల మీదకి చేర్చే బండి అది. కలకత్తాలో ఉండే మనవాళ్లకి ఊరు వెళ్లడమంటే చాలా ఏళ్లుగా కోరమండల్ ఎక్కడమే.

షాలిమార్ హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉంది.   తూర్పు ఒడ్డున గార్డెన్ రీచ్. ఒకప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వేకీ, 1955 నుంచి ఆగ్నేయ రైల్వేకీ ప్రధాన కార్యాలయం అక్కడే. పాతవాళ్లు ఇప్పటికీ 'బీఎన్ఆర్' అనే అంటారు. ఆ రైల్వే పనుల కోసమే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట వెళ్లిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఆ సాయంత్రం కోరమండల్ పరుగెత్తుతున్నది ఆ ఖరగ్‌పూర్ డివిజన్ పట్టాల మీదే.

సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో బండి బాలాసోర్ దాటింది. ముందున్నది బహనాగా బజార్, కోరమండల్ ఆగని చిన్న స్టేషన్. ఇంజన్లో ఇద్దరుంటారు: లోకో పైలట్, అసిస్టెంట్. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట మళ్లీ అనాలి. ఏళ్ల తరబడి రోజుకి వందసార్లు అన్నా విసుగు పడకూడదని పెట్టిన నియమం. చూసినదాన్ని నోటితో చెప్పినప్పుడు మనసు పక్కకి పోదు. ఆ సాయంత్రం హోమ్ సిగ్నల్ పచ్చగా ఉంది. మెయిన్ లైన్ మీద ఆగకుండా సూటిగా వెళ్లిపొమ్మని దాని అర్థం. ఆ మార్గంలో అనుమతించిన వేగం గంటకి 130 కిలోమీటర్లు. బండి 128 మీద ఉంది.

ఆ వేగంలో రైలు సెకనుకి 35 మీటర్లు దాటుతుంది. 6 గంటల 55 నిమిషాలకి మెయిన్ లైన్ మీద ఉండాల్సిన ఇంజను బండిని దారి మళ్లించే 17 నంబరు పాయింట్ల దగ్గర పక్కకి తిరిగి, బండ్లు పక్కన నిలిపే లూప్ లైన్‌లోకి దూసుకుపోయింది. అక్కడ ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్స్ బండి ఆగి ఉంది. అంత బరువున్న బండి గుద్దితే కదలదు. దెబ్బ మొత్తం వెనక్కి తిరిగి కోరమండల్ పెట్టెల మీదే పడింది. ఇంజను వెళ్లి గూడ్స్ వ్యాగన్ పైకెక్కింది. పెట్టెలు చెల్లాచెదురై, కొన్ని అవతలి డౌన్ లైన్ మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆ లైన్ మీద యశ్వంత్‌పూర్ నుంచి హౌరా వెళ్లే ఎక్స్‌ప్రెస్ 126 కిలోమీటర్ల వేగంతో దాటిపోతోంది. దాదాపు మొత్తం దాటేసింది. చివరి పెట్టెలు చిక్కుకున్నాయి.

చీకట్లో మొదట చేరుకున్నది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో కిటికీ చువ్వలు విరగ్గొట్టి మనుషుల్ని బయటికి లాగారు. బాలాసోర్ ఆసుపత్రి ముందు రక్తం ఇవ్వడానికి రాత్రంతా జనం వరుస కట్టారు. బహనాగా హైస్కూలు గదులు శవాల గదులయ్యాయి. తర్వాత పిల్లలు ఆ గదుల్లోకి రావడానికి భయపడితే ఆ కట్టడాన్నే పడగొట్టాల్సి వచ్చింది. ఈ ప్రమాదంలో 295 మంది ప్రాణాలు పోయాయని రైల్వే మంత్రి జులైలో పార్లమెంటుకి చెప్పారు. ఎవరూ తమవాళ్లని చెప్పుకోని 28 మృతదేహాలకి అక్టోబరులో భువనేశ్వర్‌లో అంత్యక్రియలు జరిపించారు. జనరల్ పెట్టెలో ఎక్కినవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

అలాంటి రాత్రి గడిచాక దేశమంతా అడిగే మొదటి ప్రశ్న: డ్రైవరు ఏం చేస్తున్నాడు? అడగడం సహజమే. కానీ రెండు రోజులకే రైల్వే బోర్డు సభ్యురాలు జయవర్మ సిన్హా ఢిల్లీలో విలేకరులకి స్పష్టంగా చెప్పారు: బండి వేగం మించలేదు, లోకో పైలట్ పచ్చ సిగ్నల్ చూశాకే ముందుకెళ్లాడు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ మాటే. పనిలో శ్రద్ధ గురించి, చెప్పింది చెప్పినట్టు చేయడం గురించి మాట్లాడినప్పుడు మనం ఎప్పుడూ వరుసలో చివరనున్న మనిషి వైపే చూస్తాం. ఇక్కడ చివరి మనిషి చెప్పింది చెప్పినట్టే చేశాడు. ఆదేశం వినడంలో అతని తప్పేమీ లేదు. ఆ ఆదేశాన్ని తయారుచేసిన చేతుల దగ్గర, అతను ఆ ఇంజను ఎక్కడానికి కొన్నేళ్ల ముందే శ్రద్ధ తప్పిపోయింది.

ఎలాగో తెలియాలంటే సిగ్నల్ ఎలా పచ్చగా మారుతుందో కొంచెం చెప్పుకోవాలి. రైల్వేలో పాయింట్లు, సిగ్నళ్లు విడివిడిగా పనిచేయవు. పాయింట్లు మెయిన్ లైన్‌కి సరిగ్గా తిరిగి బిగుసుకుంటేనే మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా వెలగాలి. ఈ కట్టడినే ఇంటర్‌లాకింగ్ అంటారు. పట్టా నిజంగా ఎటు తిరిగి ఉందో ఒక తీగ వచ్చి చెబుతుంది. అది సరైన టెర్మినల్‌కి తగిలించి ఉన్నంతకాలం యంత్రం పొరపాటు పడదు. తీగ తప్పు చోట తగిలితే మాత్రం లూప్‌కి తిరిగిన పాయింటుని చూసి కూడా 'మెయిన్‌కే ఉంది' అని నమ్ముతుంది. ఆపైన స్టేషన్ మాస్టర్ ప్యానెల్ మీదా, లోకో పైలట్ కంటి ముందూ అదే అబద్ధం వెలుగుతుంది.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణ నివేదిక జూన్ నెలాఖరుకి వచ్చింది. అందులో తేలింది రెండు విషయాలు. స్టేషన్ ఉత్తరపు గుమ్టీలో, అంటే సిగ్నల్ పరికరాల గదిలో, గతంలో సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపం మొదటిది. ఆ మార్పు డ్రాయింగుల్లోకి ఎక్కలేదు. తీగలు కలిసే లొకేషన్ బాక్సులో టెర్మినళ్ల మీద రాసిన పేర్లు తప్పుగానే ఏళ్లపాటు ఉండిపోయాయి. రెండోది, ప్రమాదం జరిగిన రోజునే 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర విద్యుత్ బారియర్ మార్చే పనిలో జరిగిన లోపం. ఆ పనికి ఆ స్టేషన్‌కే చెందిన, ఆమోదం పొందిన సర్క్యూట్ డ్రాయింగ్ ఇవ్వలేదని నివేదిక తప్పుపట్టింది. కేసు చేపట్టిన సీబీఐ ఆ తర్వాత ఇంకో ఆరోపణ చేసింది: 94వ గేటు పనిని 79వ గేటు డ్రాయింగ్ చూసి చేశారని. అది కోర్టు తేల్చాల్సిన విషయం.

ఒక్క క్షణం ఆ లొకేషన్ బాక్సు ముందు నిలబడి చూడండి. పట్టాల పక్కన ఇనుప పెట్టె, జూన్ నెల ఒడిశా ఎండ. లోపల వరుసలుగా టెర్మినళ్లు, ప్రతిదాని కింద చిన్న అక్షరాల్లో పేరు. గేటు అవతల లారీలు, స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి. స్టేషన్ నుంచి ఫోను: 'ఎంతసేపు? వెనక బండి ఉంది.' నియమం ప్రకారం పని మొదలెట్టే ముందు స్టేషన్ మాస్టర్‌కి డిస్‌కనెక్షన్ మెమో రాసివ్వాలి, పని అయ్యాక పరీక్షించాలి, ఆ తర్వాతే రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. 'పేరు రాసే ఉంది కదా' అనుకుని తీగ తగిలించేసే ప్రమాదం ఇలాంటి చోటే పొంచి ఉంటుంది. ఆ పేరు రాసినవాడు ఎప్పుడో బదిలీ అయిపోయి ఉండొచ్చు. చేతిలో ఉన్న డ్రాయింగ్ ఈ స్టేషన్‌దేనా అని అడిగితే ఆలస్యానికి జవాబు చెప్పాల్సింది అడిగినవాడే. అడగకపోతే ఎవరూ ఏమీ అనరు, ఆ ఒక్కరోజు తప్ప.

నివేదికలో ఇంకో వాక్యం ఉంది. నేను దాన్ని చాలాసార్లు చదివాను. 17వ నంబరు పాయింట్ల ప్రవర్తన అంతకుముందే పదేపదే అసహజంగా కనిపించిందనీ, బహనాగా బజార్ స్టేషన్ నుంచి ఆ సంగతి సిగ్నల్ విభాగానికి చెప్పి ఉంటే సరిదిద్దే అవకాశం ఉండేదనీ దాని సారాంశం. అంటే యంత్రం తన జబ్బుని ముందే చెప్పుకుంది. చూసినవాళ్లు దాన్ని రాతలో పెట్టలేదు. మొరాయించినదాన్ని రిజిస్టర్లో ఒక వరుస రాసి పైకి పంపడం రైల్వే పనిలో భాగం. అలాంటి ఒక్క వరుస ఖరీదు ఎంతో ఆ సాయంత్రం తేలింది.

అంతకన్నా పెద్ద హెచ్చరిక ఖరగ్‌పూర్ డివిజన్‌కి ఏడాది ముందే వచ్చింది. 2022 మే 16న బాంక్రా నయాబాజ్ స్టేషన్‌లో సిగ్నల్ చూపించిన దారి ఒకటి, బండి వెళ్లిన దారి ఇంకొకటి. కారణం తప్పు వైరింగ్, కేబుల్ లోపం. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ సంఘటన తర్వాత తప్పు వైరింగ్ బెడదని సరిదిద్దే చర్యలు తీసుకుని ఉంటే బహనాగా ప్రమాదం జరిగేదే కాదని భద్రతా కమిషనర్ సూటిగా రాశారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఫైలు మూసేయడం మన కార్యాలయాలన్నిటికీ అలవాటు. ప్రాణనష్టం లేని పొరపాటు అన్నిటికన్నా విలువైన పాఠమని విమానయానం ఎప్పుడో గ్రహించి, అలాంటి సంఘటనలు తమంతట తామే చెప్పుకునే పద్ధతులు పెట్టుకుంది.

ఇంకొక హెచ్చరిక మైసూరు డివిజన్ నుంచి వచ్చింది. 2023 ఫిబ్రవరి 8న హోసదుర్గ రోడ్ స్టేషన్‌లో సంపర్క్‌క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కి సిగ్నల్ ఇచ్చారు. కానీ ముందు పాయింట్లు తప్పు లైన్‌కి తిరిగి ఉన్నాయి. ఆ లోకో పైలట్ సిగ్నల్‌తో ఆగలేదు, పట్టా వైపు కూడా చూశాడు. బండి ఆపేశాడు. స్టేషన్ నుంచి అప్పుడే కదులుతున్న బండి కాబట్టి ఆపగలిగాడు. గంటకి 128 కిలోమీటర్ల మీద ఉన్న బండిలో ఆ వెసులుబాటు ఎవరికీ ఉండదు. రైలు అంత వేగంలో ఆగడానికి కిలోమీటరు దగ్గరగా కావాలి. అందుకే ఈ ఇద్దరు లోకో పైలట్లని పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం.

హోసదుర్గ సంఘటన జరిగిన మర్నాడే నైరుతి రైల్వే ఆపరేషన్స్ అధికారి పై అధికారులకి ఉత్తరం రాశారు. సిగ్నల్ ఇచ్చిన తర్వాత కూడా దారి మారిపోయే లోపం వ్యవస్థలో ఉందనీ, వెంటనే సరిచేయకపోతే ఘోర ప్రమాదాలు జరుగుతాయనీ హెచ్చరించారు. ఏప్రిల్ 3న రైల్వే బోర్డు అన్ని జోన్లకీ లేఖ పంపింది: సిగ్నల్ పరికరాలని సరిగ్గా పరీక్షించకుండానే మళ్లీ కలిపేస్తున్నారు, అడ్డదారులు తొక్కుతున్నారు, ఇది ఆగాలి. రెండు నెలలు తిరక్కుండానే జూన్ 2 వచ్చింది. పై నుంచి కింద దాకా తెలియనివాళ్లు లేరు. తెలిసిన సంగతి ఉత్తరంగా కార్యాలయాల మధ్య తిరిగింది. ఎండలో పెట్టె తెరిచి కూర్చున్న మనిషి చేతికి సరైన డ్రాయింగ్‌గా మారి చేరలేదు. ఉత్తరం పంపడంతో తన బాధ్యత తీరిందనుకునే పెద్దల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. కింది ఉద్యోగికి 'శ్రద్ధగా చెయ్యి' అని రాయడం తేలిక. శ్రద్ధగా చేయడానికి కావలసిన సమయం, కాగితం, తోడు మనిషి ఇవ్వడం కష్టం.

అయిదు నెలలకి అదే కథ మన ఇంటికి వచ్చింది. 2023 అక్టోబరు 29, ఆదివారం రాత్రి ఏడు గంటల వేళ. విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖపట్నం నుంచి పలాస వెళ్లే పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. రాయగడ బండి లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ వాళ్లలో ఉన్నారు. ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు పాడై ఉన్నాయి. పాడైన సిగ్నల్ దగ్గర బండి రెండు నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత గంటకి 10 కిలోమీటర్లు మించకుండా నెమ్మదిగా సాగాలి. అలా పాటించకుండానే రెండు సిగ్నళ్లు దాటారని ప్రాథమిక విచారణ తేల్చింది. ఇక్కడ నియమం చివరి మనుషుల దగ్గరే తప్పిందనుకున్నా, పాడైన సిగ్నళ్లతో పట్టాలని నడిపినవాళ్లు ఆ లెక్కలోంచి బయటపడకూడదు.

బహనాగా నివేదిక చివర్లో భద్రతా కమిషనర్ చేసిన సిఫార్సుల్లో ఖరీదైన యంత్రాల మాట పెద్దగా లేదు. ప్రతి స్టేషన్‌లో వైరింగ్ డ్రాయింగులు ఇప్పుడున్న వైరింగ్‌కి సరిపోయేలా సరిచేయాలి. టెర్మినళ్ల మీద పేర్లు సరిగ్గా రాయాలి. ఆమోదించిన డ్రాయింగ్ లేకుండా, అధికారి ఎదురుగా లేకుండా సర్క్యూట్ మార్చకూడదు. మార్చిన జట్టు కాకుండా వేరే జట్టు వచ్చి పరీక్షించాకే తిరిగి కలపాలి. బహనాగా బజార్ దగ్గర పట్టాలు 51 గంటల్లో మళ్లీ నడకకి సిద్ధమయ్యాయి, దేశం మెచ్చుకుంది. దేశంలో వేల స్టేషన్ల పక్కన ఇనుప పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి, ప్రతి తీగ కింద రాసిన పేరుని దాని డ్రాయింగ్‌తో సరిచూసే పనికి చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. దానికి 51 గంటలు చాలవు. ఆ పని పూర్తయిన డివిజన్లేవో, మిగిలినవేవో రైల్వే బోర్డు ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఖరగ్‌పూర్ డివిజన్‌తో మొదలుపెట్టాలి.